సేటు ఇంట్లో సముద్రం

చేపల తొట్లు కట్టే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కూర్చుని టీ తాగి, "సార్, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద జాబ్ ఏది?" అని అడుగుతారు. పెద్దది ఏదంటే జవాబు తేలికే. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు సేటు ఇంట్లో చిన్న సొరచేపలకూ, చాటలా చదునుగా ఉండే టేకు చేపలకూ కట్టిన తొట్టి. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదువేల లీటర్ల పైచిలుకు ఉప్పునీళ్లు. ఫోటోలు అడుగుతారు, చూపిస్తాను. కానీ ఆ పనిలో నాకు గుర్తుండిపోయింది ఏ ఫోటోలోనూ లేదు. దాన్ని చెబుదామని కూర్చున్నప్పుడల్లా తికమక పడుతుంటాను. ఈసారి మొదటినుంచీ చివరిదాకా రాసేద్దామని కూర్చున్నాను.

నాది ఆత్మకూర్ (ఎస్) పక్కన పల్లె. కెమిస్ట్రీ డిగ్రీ చేత పట్టుకుని కోస్తాకు పోయి, రొయ్యపిల్లల హేచరీ ల్యాబులో నీళ్లు పరీక్షిస్తూ చాలా ఏళ్లు గడిపాను. తర్వాత సూర్యాపేటలో అక్వేరియంలు కట్టే ఒక సంస్థలో చేరి అక్కడే రిటైరయ్యాను. నీళ్లు నా శాఖ. పైపులు, పంపులు, వాల్వులు మరొకాయనవి. ఆయన ఊరు మోతె. బోరు మోటార్లు దింపుతూ పని నేర్చుకున్న మనిషి. బడికి పోయింది తక్కువ, ఒక్క సర్టిఫికెట్ కూడా లేదు. ఆయనకు పని దొరికేదంతా పేరు మీదనే. "మోతె ఆయన పైపు వేస్తే కారదు" అని ఒకరు మరొకరికి చెప్పుకోవడమే ఆయన బతుకుదెరువు. వయసులో నాకంటే నాలుగేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు.

ఆయనకో అలవాటుండేది. తొట్టిలో ఉప్పు కలుపుతున్నప్పుడు వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇంకొక బస్తా పడ్తది అన్నా" అనేవాడు. నేను నవ్వి నా మీటరు ముంచేవాణ్ని. మీటరు కూడా ఇంకొక బస్తా పడుతుందనే చెప్పేది. దాంతో నాకు కొంచెం మంటగా ఉండేది, అబద్ధమెందుకు!

సేటు దుబాయ్ పోయి ఒక హోటల్లో గోడంత అద్దం వెనకాల సొరలు తిరగడం చూసి వచ్చాడు. ఇంటి హాలులో అలాంటిది కావాలన్నాడు. హోటల్లో చూసినట్టు నిలువుగా, ఎత్తుగా ఉండాలని ఆయన పట్టు. సొరకూ టేకు చేపకూ ఎత్తు దేనికి పనికొస్తుంది? అవి అడుగున తిరిగే జీవాలు. వాటికి కావలసింది నేల. మూలలు గుండ్రంగా ఉండాలి, లేకపోతే సొర ముక్కు గీసుకుంటుంది. అడుగున ఇసక మెత్తగా ఉండాలి, లేకపోతే టేకు చేప పొట్ట చీరుకుంటుంది. మూత గట్టిగా ఉండాలి, సొర ఎగిరి హాల్లో పడితే సోఫా మీది చుట్టాలు హడలిపోతారు. ఇవన్నీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది. చివరికి మా యజమాని కల్పించుకున్నాడు. ఆయనది కోదాడ.

"సేటు గారూ, ఎత్తుగా కడితే మీకు బాగుంటుంది, వెడల్పుగా కడితే చేపకి బాగుంటుంది. చేప బతికుంటేనే కదండీ మీకు బాగుండేది" అన్నాడు. సేటు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

ఇంకొక్క షరతు మాత్రం నేను అందరికీ పదిసార్లు చెప్పాను. ఈ నీళ్లలో ఎక్కడా రాగి తగలకూడదు. ఇత్తడిలోనూ రాగే ఉంటుంది కాబట్టి ఇత్తడీ వద్దు. మామూలు చేప కాస్త రాగిని ఓర్చుకుంటుందేమో కానీ సొర, టేకు ఓర్చుకోలేవు. నీళ్లు చల్లబరిచే యంత్రంలో రాగి చుట్ట లేనిది తెప్పించాం. మోతె ఆయనతో ప్రత్యేకంగా చెప్పాను, ఎందుకంటే అంతకుముందు కోదాడలో ఒక గోల్డ్‌ఫిష్ తొట్టికి పైపులు కలిపే ప్లాస్టిక్ బుష్ అయిపోతే ఇత్తడిది బిగించాడు. అక్కడ దానివల్ల నష్టమేమీ లేదు. అయినా నా మనసులో అది ఉండిపోయింది.

తొట్టి కట్టాక నెల దాటిందాకా అందులో చేప లేదు. చేపలకు తగినట్టు కుదురుకునే దాకా ఉత్త నీళ్లే తిరుగుతుండేవి. సేటు రోజూ ఫోన్ చేసి, "సారూ, ఇంట్ల ఉప్పునీళ్లు పెట్టుకోని ఎన్నొద్దులు సూసుకుంట కూసోవాలె?" అని గునిసేవాడు. చివరికి ఒక పొద్దున కోస్తా నుంచి కోదాడ మీదుగా వ్యాను వచ్చింది. మూరెడు పొడవున్న సొరలు రెండు, పళ్లెమంత టేకు చేపలు రెండు. పెంచడానికి అనుమతున్న రకాలే, కాగితాలన్నీ చూసుకున్నాం. వాటిని మెల్లగా నీళ్లకు అలవాటు చేసి వదిలాక, ఇంటివాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టి నేను ఉపన్యాసం దంచాను. నీళ్లలో చెయ్యి పెట్టొద్దు. మేత నేను చెప్పినంతే, చెప్పినప్పుడే. దగ్గర్లో ఫినాయిలు వద్దు, అగరొత్తులు వద్దు.

వెనకాల గోడకు ఆనుకుని సేటు తల్లి కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. ఉపన్యాసం అయ్యాక మెల్లగా లేచి తొట్టి దగ్గరికి వచ్చి అద్దం మీద అరచెయ్యి పెట్టింది.

"ఇయ్యి నిజంగ సముద్రం నీళ్లేనా బిడ్డా?"

నిజానికి అవి సముద్రం నీళ్లు కావు. శుద్ధి చేసిన బోరునీళ్లలో ఉప్పు కలిపి తయారుచేసినవి. అదంతా పెద్దామెకు విడమర్చి చెప్పే ఓపిక నాకు ఆ క్షణాన లేదు. నా చూపు చల్లబరిచే యంత్రం మీద ఉంది.

"అచ్చం సముద్రమే అమ్మా. ఏం తేడా లేదు" అన్నాను.

"ఇన్నేండ్లొచ్చినయ్, సముద్రం సూడలే నేను. వాడపల్లి కాడ కిష్ణమ్మను దాటిందే ఎక్కువ" అని, అద్దానికి రెండు చేతులూ జోడించింది. నేను సరే సరే అన్నట్టు తలూపి నా పని చూసుకున్నాను.

మూడు వారాలు అంతా సవ్యంగా సాగింది. మిల్లుకు వచ్చే వాళ్లందరూ ఇంటికి వచ్చి చూసిపోతున్నారు. మూతకు ఒక పక్కన మేత వెయ్యడానికి జానెడు కిటికీ పెట్టాం. పెద్ద టేకు చేప ఆ కిటికీ కిందే ఇసకలో ఒళ్లు కప్పుకుని పడుకునేది. పైన ఏదైనా టప్పుమంటే చాలు, మేతే అనుకుని పైకి లేచేది. పిల్లిలాగా మాలిమి అయిందని సేటు మురిసిపోయాడు.

నాలుగో వారంలో ఆ టేకు చేప మేత ముట్టడం మానేసింది. రెండు రోజులకు దాని ఒంటి అంచులు పైకి ముడుచుకోవడం మొదలైంది. అప్పడం నూనెలో వేసినప్పుడు అంచులు లేస్తాయి చూడండి, అట్లా. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ ముడుచుకోవడం ఒక హెచ్చరిక. అంటే నీళ్లలో ఏదో దానికి పడటం లేదు.

ఏది పడటం లేదు? అమ్మోనియా చూశాను, లేదు. నైట్రైట్ చూశాను, లేదు. పులుపు, ఉప్పు, వేడి, గాలి అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఇంకో కిట్ తెప్పించి మళ్లీ చూశాను, మళ్లీ అవే. సూర్యాపేట నుంచి రోజూ బండేసుకుని పోయి రావడం, తొట్టి ముందు స్టూలు మీద కూర్చోవడం, ఏమీ అర్థంకాక తిరిగి రావడం. పనిమనిషిని ఫినాయిలు గురించి అడిగితే ఆమె నా మీద కోపగించుకుంది. నీళ్లన్నీ బాగున్నాయని నా కాగితం చెబుతోంది, బాగా లేవని చేప చెబుతోంది. నేను కాగితం వైపు ఉన్నాను. ఐదో రోజు పొద్దున సేటు ఫోన్ చేశాడు.

"సారూ, లేస్తలేదు అది."

పోయి చూస్తే కిటికీ కిందే, తనెప్పుడూ పడుకునే చోటే, వెల్లకిలా ఉంది. దాన్ని వలలోకి తీస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ వయసులో, అంతమంది ముందు, చేప కోసం ఏడవడం ఏం బాగుంటుందని కళ్లద్దాలు తుడుచుకున్నట్టు నటించాను.

అప్పుడు హేచరీ రోజులనాటి బుద్ధి మేల్కొని రాగి కిట్ తీశాను. అంతకుముందే తియ్యాల్సింది. రాగి వాడొద్దని పదిసార్లు చెప్పాను కాబట్టి రాగి ఉండదని నమ్మి కూర్చున్నాను. గాజు గొట్టంలో నీళ్లు మెల్లగా రంగు తిరిగాయి. రాగి ఉంది. కొంచెమే, కానీ సొరలకూ టేకులకూ ఆ కొంచెమే చాలు.

ఎక్కడిది? కలిపే ఉప్పును పరీక్షించాను, అందులో లేదు. పోసే నీళ్లను పరీక్షించాను, అందులోనూ లేదు. చల్లబరిచే యంత్రం కంపెనీ వాళ్లు తమ దాంట్లో రాగి ముక్క కూడా లేదని ఒట్టేశారు. ఇక మిగిలింది పైపులు. గోల్డ్‌ఫిష్ తొట్టికి బిగించిన ఇత్తడి బుష్ నా కళ్ల ముందు ఆడింది. మా సంస్థకు, సేటుకు, పనివాళ్లకు కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. అందులో నేను ఇట్లా టైప్ చేశాను: "నీళ్లలో రాగి వచ్చింది. అన్నీ చూశాను. ప్లంబింగ్‌లో ఇత్తడి వాడారు. చేప దానివల్లే చనిపోయింది."

నిజానికి అన్నీ చూడలేదు. పైపులు, వాల్వులు ఉండే చోటు తొట్టి కింద ఒక ప్లాస్టిక్ పలక వెనకాల ఉంది. దానికి నాలుగు స్క్రూలు. వాటిని తియ్యాలంటే నేల మీద మోకాళ్లూని వంగాలి. నేను వంగలేదు.

మోతె ఆయన ఆ మధ్యాహ్నమే వచ్చాడు. నేరుగా నా దగ్గరికి వచ్చి ఫోను చూపించాడు.

"అన్నా, గీ మెసేజ్ నువ్వే పెట్టినవా?"

"నేనే పెట్టిన. రాగి ఊకెనే రాదు గద."

"నేను ఇత్తడి పెట్టలే."

"కోదాడల పెట్టినవ్ గద."

"గది గోల్డ్‌ఫిష్ తొట్టి. నీకు చెప్పే పెట్టిన. గీడ పెట్టొద్దన్నవ్, పెట్టలే."

"మరి యాడికెల్లొచ్చింది?"

"నాకేమెర్క? నీళ్లు నీయి, పైపులు నాయి." మళ్లీ మెల్లగా అడిగాడు. "పలక ఇప్పి సూసినవా అన్నా?"

"మోకాళ్లు నొస్తున్నయ్, వంగరాదు నాకు. అయినా సూసేటందుకేమున్నది..."

ఆయన పానాల సంచీ భుజాన వేసుకుని బయటికి పోయాడు. అప్పుడే ఆ పలక విప్పి నా ముఖాన చూపించి ఉండొచ్చు కదా? ఎందుకు విప్పలేదో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. తప్పు చేశాడు కాబట్టే విప్పలేదని ఆ పూట అనుకున్నాను. నా మాట మీద తన నిజాయితీని రుజువు చేసుకోవాల్సి రావడమే ఆయనకు అవమానమని తర్వాతెప్పుడో తట్టింది.

మిర్యాలగూడలో మిల్లుల వాళ్లందరికీ ఒకరింటి ముచ్చట మరొకరింట్లో తెలియడానికి పూట చాలు. సేటు కోపంలో నలుగురితో చెప్పాడు. ఒక కొత్త ఇంటి పైపుల పని మోతె ఆయన చేతికి వచ్చినట్టే వచ్చి పోయింది. ఇంకొకాయన ఒప్పుకున్న పనిని వేరేవాళ్లకు ఇచ్చాడు. ఆయనకు ఉన్న ఒక్క ఆస్తి ఆ పేరు. దాన్ని నేను రెండు వేళ్లతో టైప్ చేసి తీసేశాను.

మరుసటి రోజు మా యజమాని వేరే ప్లంబరును పంపాడు. అతను పలక విప్పి, వాల్వులన్నీ ఊడదీసి, హాల్లో పాత పేపరు మీద వరసగా పేర్చాడు. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. అన్నీ ప్లాస్టిక్. ఒక్క ఇత్తడి ముక్క లేదు. అతుకులన్నీ అద్దంలా ఉన్నాయి. ఆ ప్లంబరు కూడా, "మస్తు పని చేసిండు సార్ ఎవరో గని" అన్నాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేదాన్ని కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లు జాగ్రత్తగా చదవాలి. చేప చావడం ఒక తప్పు. చూడకుండా మాట అనడం దానికంటే పెద్ద తప్పు. కానీ నేను అసలైన తప్పు చేసింది ఆ పలక విప్పిన రోజున. ఇత్తడి లేదని తెలిసిన మరుక్షణం గ్రూపులో ఒక్క వాక్యం పెట్టి ఉంటే సరిపోయేది. నేను పెట్టలేదు. రాగి ఎక్కడిదో తేలిన తర్వాత అంతా కలిపి ఒకేసారి చెబుదాంలే అనుకున్నాను. అసలు కారణం తేలకుండా ఆయనది తప్పు కాదంటే, మరి ఎవరిది అని అడుగుతారు. అప్పుడు వేలు నా వైపే తిరుగుతుంది. అది నాకు భయం. ఆ భయాన్ని జాగ్రత్త అని పిలుచుకున్నాను.

సగం నీళ్లు తీసి కొత్తవి పోశాం. రాగి తగ్గింది. మిగిలిన టేకు, సొరలు రెండూ కాస్త తేరుకుని మేత తిన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. ఐదు రోజులకు మళ్లీ కిట్ తీస్తే రాగి మళ్లీ పెరిగింది. నాకు మతిపోయింది. పైపుల్లో లేదు, ఉప్పులో లేదు, నీళ్లలో లేదు, యంత్రంలో లేదు, తొట్టిలో మాత్రం ఉంది. గాలిలోంచి పడుతోందా? ఇన్నేళ్లు నీళ్లు పరీక్షించిన మనిషిని, ఎవరైనా మంత్రం వేశారేమోనని కూడా ఒక క్షణం అనుకున్నాను. మా యజమాని ఫోన్ చేసి, "ఏంటండీ ఇది, రోజుకో మాట చెబుతున్నారు? మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాడు. నాకు తెలియదని చెప్పాను. ఆ వారంలో నేను చెప్పిన మొదటి నిజం అదే.

చివరికి తొట్టి మొత్తం ఖాళీ చేసి, ఇసక కూడా తీసి కడుగుదామని నిర్ణయించాం. మిల్లులో వడ్ల మీద కప్పే పెద్ద టార్పాలిన్‌ను చెక్కల మధ్య కట్టి, తాత్కాలికంగా మడుగులాగా చేసి, అందులో కొత్త ఉప్పునీళ్లు నింపి చేపల్ని వదిలాం. ఇసక మొయ్యడానికి మిల్లు నుంచి ముగ్గురు హమాలీలు వచ్చారు. ఇసకను గంపల్లో ఎత్తి పెరట్లోకి తెచ్చి, మిల్లు జల్లెడలో పోసి నీళ్లతో కడుగుతున్నారు. నేను నీడన కుర్చీలో కూర్చున్నాను. మేత కిటికీ కింది ఇసక జల్లెడలో పడగానే గలగలమని చప్పుడైంది.

"సారూ, పైసలున్నయ్ గీండ్ల" అన్నాడు ఒక హమాలీ.

పోయి చూశాను. నడుమ చిల్లు ఉన్న పాత కానీలు, రాగి పైసలు. దోసెడు పైనే ఉన్నాయి. కొన్ని పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొన్ని మాత్రం ఈమధ్యే తోమినట్టు ఎర్రగా మెరుస్తున్నాయి. ఒకటి తీసి అరచేతిలో తిప్పి చూశాను. జల్లెడ ముందు అట్లాగే నిలబడ్డాను.

వెనక నుంచి చేతికర్ర చప్పుడైంది. సేటు తల్లి.

"అయ్యో, గయెందుకు తీసిర్రు బిడ్డా? గంగమ్మ తల్లికి ఇచ్చినయ్ మల్ల తీయొద్దు."

"మీరేసిర్రా అమ్మా?"

"ఆ, నేనే. రోజు ఒకటి. తెల్లారి లేచి తానం జేసి, చింతపండుతోని తోమి ఏస్తున్న. కిష్ణమ్మను దాటేటప్పుడు బస్సుల నుంచి ఏస్తం గద. ఈ పైసలు మా అత్త ఇచ్చిన సంచిలయి. ఇప్పటి స్టీలు బిళ్లలు తల్లికి ఎట్లేస్తం? నువ్వే చెప్తివి అచ్చం సముద్రమే అని. సముద్రమే నడిచి ఇంటికొస్తే ఒట్టి చేతుల్తోని ఎట్ల మొక్కాలె?"

ఆమె ముఖంలో ఎంత సంతోషముందో నేను చెప్పలేను.

"ఆ పెద్ద చేప ఉండె సూడు," అంది మళ్లీ, "ఎయ్యంగనే లేచొచ్చేది. అందుకొని, ఇసుకల దాసుకునేది. తల్లి తీసుకున్నట్టే అనిపించేది నాకు."

టప్పుమంటే మేత అనుకుని లేచే చేప. లేచి, నాణెం మీదకి వచ్చి, మళ్లీ ఇసకలోకి దిగుతూ రెక్కలతో దాన్ని కప్పేసేది. అందుకే మాకెవరికీ కనబడలేదు. దాని కింద రోజుకొకటి చొప్పున పోగవుతుంటే వాటి మీదే పడుకుంది. అది పోయాక రెండో టేకు ఆ చోటికి చేరింది. వారానికోసారి ఇసక పైపైన శుభ్రం చేసేటప్పుడు పాపం పడుకుంది కదా, కదిలించడం ఎందుకని ఆ ఒక్క చోటు నేనే వదిలేసేవాణ్ని.

ఆమె నా ముఖం వైపే చూస్తోంది. పెద్దవాళ్లకు మనం ఏమీ చెప్పకుండానే సగం తెలిసిపోతుంది.

"ఏమైంది బిడ్డా? నా పైసల తోనే సచ్చిందా గది? సక్కగ చెప్పు."

కాదని చెప్పాలని నాకు ఎంతో ఉంది. సేటు కూడా గుమ్మంలోంచి చెప్పొద్దన్నట్టు సైగ చేస్తున్నాడు. కానీ ఆమె కళ్లలోకి చూస్తూ ఆ అబద్ధం నాకు చేతకాలేదు.

"అవునమ్మా. కానీ తప్పు మీది కాదు. సముద్రమని చెప్పింది నేనే."

ఆమె మెల్లగా పెరటి మెట్టు మీద కూలబడింది. కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత తలెత్తి అడిగింది.

"మరి ఆ పైపులాయననెందుకు అంటిరి?"

హమాలీలు జల్లెడ ఆపి మా వైపు చూస్తున్నారు.

"ఆయన ఊరేది?" అంది ఆమె. "బండి తియ్యి కొడుకా."

ఫోన్ చేస్తే సరిపోతుందని సేటు అన్నాడు. గ్రూపులో మెసేజ్ పెడతానని నేనన్నాను. మేమిద్దరం ఒకేసారి అనడంతో ఆమెకు కోపమొచ్చింది. "మాట అన్నది ముంగటనా, ఫోన్లనా? ఏడన్నా గని, ఎనక్కి తీసుకునేది ముంగట తీసుకోవాలె" అని కర్ర పట్టుకుని కారు దగ్గరికి నడిచింది. మిర్యాలగూడ నుంచి మోతెకు బయల్దేరాం. నేను దారిలోనే గ్రూపులో రాశాను, ఇత్తడి లేదని, తప్పు నాదని. టైప్ చేయడానికి ఆ రోజు నాకు చాలాసేపు పట్టింది.

ఆయన ఒక పొలంలో బోరు మోటారు పైకి తీస్తున్నాడు. ఒంటినిండా బురద. చుట్టూ పదిమంది రైతులు. గట్టు మీద పెద్దామె సేటు చెయ్యి పట్టుకుని నడిచి వస్తుంటే ఆయన పైపు వదిలేసి ఎదురొచ్చాడు.

"నాయినా, ఆ రాగి నేనేసిన. నీ పైపులల్ల ఏం లేదు. నా కొడుకు ముంగట చెప్తున్న, ఈ సారు ముంగట చెప్తున్న, మీ ఊరోళ్ల ముంగట చెప్తున్న" అంది ఆమె. అంతే. నేను పదిహేను రోజులుగా మింగలేక కక్కలేక తిరిగిన మాటను ఆమె గట్టు మీద నిలబడి ఒక్క గుక్కలో చెప్పేసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"అయ్యో అమ్మా, గింత ఎండల మీరొచ్చుడేంది? పో... పోనియ్యుర్రి" అని ఆయన తడబడ్డాడు. ఎవరితోనో చెప్పి కొబ్బరిబోండాం తెప్పించాడు. సేటు ఆయన భుజం మీద చెయ్యి వేసి, పోయిన పనుల వాళ్లతో తనే మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా. ఒక పని వెనక్కి వచ్చింది, రెండోది రాలేదు.

నేను చివరికి ఆయన దగ్గరికి పోయి, "తప్పైంది తమ్మీ" అన్నాను. ఆయన చేతుల బురద తుడుచుకుంటూ అన్నాడు.

"రాగి యాడిదన్నది నీకు ఎర్క లేకుండె. గది నాకు సమజయింది. పలక ఇప్పి సూడకపోతివి. నాలుగు స్క్రూలు అన్నా."

తర్వాత ఆయన పనిలోకి తిరిగి వచ్చాడు. మునుపటిలాగే ఉప్పునీళ్లు నాలుక మీద వేసుకునేవాడు, మునుపటిలాగే అన్నా అనేవాడు. ఒక్కటి మాత్రం మారింది. ప్రతి పనిలోనూ పలక బిగించే ముందు నన్ను పిలిచేవాడు. "అన్నా, జర రా. సూడు." టార్చి నా చేతికి ఇచ్చేవాడు. నేను నేల మీద మోకాళ్లూని, వంగి, ప్రతి వాల్వు, ప్రతి అతుకు చూసేవాణ్ని. ఆయన పక్కనే నిలబడి ఎదురు చూసేవాడు. నేను లేచాకే నాలుగు స్క్రూలు బిగించేవాడు. కోపంగా కాదు, వెటకారంగా కాదు. అది పనిలో ఒక భాగమన్నట్టు చేసేవాడు. ఉత్త గాజు తొట్టికి, రెండు పైపులున్న దానికి కూడా పిలిచేవాడు. నాలుగేళ్లు. ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు. అవసరం లేదులే తమ్మీ అని అనే హక్కు నాకు లేదు కాబట్టి నేనూ అనలేదు.

సేటు ఇంట్లో తొట్టి బాగుంది. మిగిలిన టేకు బతికింది. సొర ఒకటి గుడ్లు కూడా పెట్టింది. పెద్దామె రోజూ తెల్లారి స్నానం చేసి వచ్చి, అద్దానికి బయటి నుంచే చేతులు జోడిస్తుందట. సంచిలో మిగిలిన పైసలు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిపించింది.

నా ఆఖరి పని కోదాడలో ఒక టీచరు ఇంట్లో. చిన్న తొట్టి. నేను నీళ్లు చూసి కాగితం రాసి, అలవాటుగా టార్చి చేతిలో పట్టుకుని కిందికి వంగబోయాను. ఆయన అప్పటికే పలక పెట్టి మూడు స్క్రూలు బిగించాడు. నాలుగోది తిప్పుతున్నాడు. నన్ను పిలవలేదు.

నేను సగం వంగి అట్లాగే ఆగిపోయాను. ఆయన తలెత్తి చూశాడు.

"వంగకు అన్నా. మోకాళ్లు నొప్పి గద నీకు" అన్నాడు.

నన్ను క్షమించాడా? రిటైరై పోతున్నవాణ్ని కదా, ఇక నా చూపుతో పనేముందనుకున్నాడా? లేక ఆ రోజు నేనన్న మాటనే నాకు తిరిగి అప్పజెప్పాడా? ముఖంలో చూద్దామంటే అప్పటికే ఆయన అటు తిరిగి పానాలు సంచిలో సర్దుకుంటున్నాడు. అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. టార్చి ఆర్పి ఆయన చేతికిచ్చాను.